ముంగిలి లేని మసీదు: కలబురగి ప్రయాణంపై పాఠకుల ప్రశ్నలు

కిందటి సంచికలో ‘రెండు రోజుల ప్రయాణాలు’ పేజీలో కలబురగి కోటలోని జామా మసీదు గురించి నాలుగు వాక్యాలు రాశాం. అవి చాలలేదని విజయవాడ, గుంటూరు పాఠకుల ఉత్తరాలు చెబుతున్నాయి. ఒకే రకం ప్రశ్నలను కలిపి జవాబులిస్తున్నాం. కలబురగి అంటే 2014 దాకా మనం గుల్బర్గా అని పిలిచిన ఊరే. రైలు టికెట్ తీసుకునేటప్పుడు కొత్త పేరుతోనే వెతకండి.

ఆ మసీదులో అంత విశేషం ఏముంది? స్పెయిన్‌లోని కోర్డోబా మసీదుకు నకలు అని వాట్సాప్‌లో వచ్చింది. నిజమేనా?
– విశ్రాంత అధ్యాపకుడు, సత్యనారాయణపురం, విజయవాడ

ముందు మామూలు జామా మసీదు ఎలా ఉంటుందో గుర్తు చేసుకోండి. హైదరాబాద్ మక్కా మసీదునే తీసుకుంటే, గేటు దాటగానే విశాలమైన ముంగిలి, అందులో నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కోవడానికి (వుజూ) నీళ్ల హౌజు, ఆ ముంగిలికి పడమటి చివర నమాజు హాలు. శుక్రవారం హాలు నిండిపోతే జనం ముంగిట్లోనే వరుసలు కడతారు. మన దేశంలోని పెద్ద మసీదుల్లో చాలావాటిది ఇదే తీరు.

కలబురగి మసీదుకు ఆ ముంగిలి లేదు. స్థలం మొత్తాన్నీ కప్పేశారు. తూర్పు పడమరలుగా 216 అడుగులు, ఉత్తర దక్షిణాలుగా 176 అడుగులు, అంటే 38 వేల చదరపు అడుగుల పైచిలుకు. మన లెక్కలో దాదాపు 87 సెంట్ల భూమి మీద ఒకే కప్పు. మినార్లు కూడా లేవు. బయటి నుంచి చూస్తే కమానుల వరుసలు, వాటిపైన నాలుగు మూలలా నాలుగు గుమ్మటాలు, పడమటి వైపు అన్నిటికంటే ఎత్తుగా పెద్ద గుమ్మటం కనిపిస్తాయి.

1347లో మొదలైన బహమనీ రాజ్యానికి ఇదే తొలి రాజధాని. రెండో సుల్తాన్ మొదటి మహమ్మద్ షా కాలంలో, 1367లో ఈ మసీదు కట్టారని ఇక్కడి శాసనం చెబుతుంది. కట్టినవాడు రఫీ. అతని కుటుంబం ఇరాన్‌లోని కజ్వీన్‌ది. అదే సమయంలో మీ పక్కనే ఉన్న కొండవీడులో అనవేమారెడ్డి రాజ్యం చేస్తున్నాడు. ఈ మహమ్మద్ షాకే ఓరుగల్లును ఏలిన ముసునూరి కాపయ నాయకుడు గోల్కొండను వదులుకోవలసి వచ్చింది. కాబట్టి ఇది మన చరిత్రకు బయటి కట్టడమేమీ కాదు.

ఇక కోర్డోబా మాట. నకలు కాదు. ఆ పోలిక పాతదే. లోపల ఎటు చూసినా కమానులే కనిపించడం వల్ల పుట్టింది. కానీ కోర్డోబా మసీదు 8వ శతాబ్దం చివర్లో మొదలైంది. అక్కడ సన్నని రాతి స్తంభాల మీద రెండంతస్తుల కమానులు, వాటిపైన చెక్క కప్పు. ఇక్కడ లావాటి దిమ్మెలు, ప్రతి అంకణానికీ, అంటే నాలుగు దిమ్మెల మధ్య చోటుకూ, చిన్న గుమ్మటం. పైగా కోర్డోబాకు ముంగిలి ఉంది, నారింజ చెట్లతో ఇప్పటికీ ఉంది. కలబురగికి అసలు ప్రత్యేకత ముంగిలి లేకపోవడం అయినప్పుడు, ఆ ఒక్క విషయంలోనే రెండూ ఎదురెదురు. అదీ కాక కోర్డోబా మసీదు 1236 నుంచి చర్చిగా ఉంది. ఆ మెసేజ్ మీకు పంపినవారికి ఈ సంగతి చెప్పండి.

దక్కన్‌లో తర్వాత కట్టిన పెద్ద జామా మసీదులు, బీజాపూర్‌ది గానీ, హైదరాబాద్ మక్కా మసీదు గానీ, మళ్లీ ముంగిలి పద్ధతికే వెళ్లిపోయాయి. అందుకే కలబురగి మసీదు ఒంటరిగా మిగిలింది, ఆ ఒంటరితనమే చూడటానికి వెళ్లవలసిన కారణం. వీలైతే దారిలో మక్కా మసీదు చూసి వెళ్లండి. ఏది మామూలో కళ్లతో చూశాక, ఏది కొత్తో ఎవరూ చెప్పనక్కర్లేదు.

గుమ్మటాలు ఎన్ని? ఒకచోట 63, ఇంకోచోట 75 అని ఉంది.
– పోటీ పరీక్షల విద్యార్థి, అరండల్‌పేట, గుంటూరు

పెద్దవి అయిదు: పడమటి గోడలోని గూడు (మిహ్రాబ్) ముందు ఒకటి, నాలుగు మూలల్లో నాలుగు. ఇందులో తేడా లేదు. చిన్నవాటికే 63, 75 అనే రెండు లెక్కలూ అచ్చులో ఉన్నాయి. వెళ్లినప్పుడు మీరే లెక్కపెట్టండి, కాకపోతే పెద్ద గుమ్మటానికి అటూ ఇటూ ఉన్న అంకణాలను కలుపుతున్నారో లేదో ముందే తేల్చుకోండి. తూర్పు నుంచి పడమరకు ఒక్కో వరుస పూర్తి చేసి కాగితం మీద రాసుకుంటే తప్పు రాదు. తల పైకెత్తి నడుస్తూ లెక్కపెడితే మూడో వరుసకే తడబడతారు.

డెబ్బై దాటిన అమ్మానాన్నలను తీసుకుని గుంటూరు నుంచి వెళ్లాలి. రైలా, కారా? ఒక్క రోజులో అవుతుందా?
– బ్యాంకు ఉద్యోగిని, బ్రాడీపేట, గుంటూరు

ఒక్క రోజులో కాదు, ఆ ప్రయత్నమూ వద్దు. కనీసం రెండు రాత్రులు పెట్టుకోండి.

విజయవాడ నుంచయితే భువనేశ్వర్–ముంబయి కోణార్క్ ఎక్స్‌ప్రెస్ సికింద్రాబాద్, వాడి మీదుగా నేరుగా కలబురగిలో ఆగుతుంది. దాదాపు 580 కిలోమీటర్లు, పది పన్నెండు గంటలు. పెద్దవాళ్లకు ఇదే హాయి, మధ్యలో సామాను దించే పని లేదు. గుంటూరు నుంచయితే నడికుడి, నల్గొండ మీదుగా వెళ్లే ఏదో ఒక రైల్లో సికింద్రాబాద్ చేరి, ఆ రాత్రి అక్కడ పడుకుని, మర్నాడు కలబురగి వెళ్లండి. సికింద్రాబాద్–పుణె శతాబ్ది, హైదరాబాద్–ముంబయి హుస్సేన్‌సాగర్ రెండూ కలబురగిలో ఆగుతాయి. సికింద్రాబాద్ నుంచి అక్కడికి సుమారు 230 కిలోమీటర్లు. ఒక జాగ్రత్త: ఒక రైలు దిగి ఇంకో రైలు ఎక్కడానికి గంటే వ్యవధి పెట్టుకుని బుక్ చేయకండి. మొదటి రైలు ఆలస్యమైతే రెండోది తప్పిపోతుంది. హుస్సేన్‌సాగర్ బయల్దేరేది సికింద్రాబాద్ నుంచి కాదు, నాంపల్లి నుంచి. చాలామంది పొరబడేది ఇక్కడే. టికెట్ మీద స్టేషన్ పేరు చూసుకోండి.

వాడి దాటాక రైలు షాహాబాద్ మీదుగా వెళుతుంది. మన ఇళ్లలో పరిచే షాబాద్ బండల పేరు ఈ ఊరిదే. నాన్నగారికి కిటికీ పక్క సీటు ఇస్తే పట్టాల పక్కన బండల గుట్టలు కనిపిస్తాయి.

కారులో అయితే దారి చాలా సులువు. బెజవాడలో మీరు రోజూ దాటే 65వ నంబరు జాతీయ రహదారే హైదరాబాద్, జహీరాబాద్ దాటి కర్ణాటకలో హుమ్నాబాద్ మీదుగా పుణె దాకా పోతుంది. హుమ్నాబాద్ దగ్గర దాన్ని వదిలి ఎడమకు, దక్షిణంగా, దాదాపు 60 కిలోమీటర్లు వెళితే కలబురగి. చేవెళ్ల, కొడంగల్, సేడం మీదుగా ఇంకో దారి ఉంది. రాష్ట్రకూటుల రాజధాని మాన్యఖేటం, ఇప్పటి మాల్ఖేడ్, చూడాలనుకుంటే అది ఈ దారిలో తగులుతుంది. రాత్రి పూట మాత్రం హుమ్నాబాద్ దారే మేలు.

బస్సు కావాలంటే హైదరాబాద్ ఎంజీబీఎస్ నుంచి కల్యాణ కర్ణాటక ఆర్టీసీ బస్సులు నడుస్తాయి.

ఊళ్లో దిగాక ఆటోవాడితో ‘జామా మసీదు’ అనకండి. ఏ ఊళ్లోనైనా ఆ పేరుతో ఒకటికి మించి ఉంటాయి. ‘ఖిలా’ లేదా ‘కోట’ అని చెప్పండి. కోట ఊరి మధ్యే. కందకం దాటి ద్వారాల గుండా లోపలికి కొంత దూరం నడవాలి. నేల ఎగుడుదిగుడుగా ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు చేతికర్ర, మడత స్టూలు తప్పనిసరిగా తీసుకెళ్లండి. మసీదు లోపల కుర్చీలుండవు. చూడాలంటే కనీసం గంటన్నర నిలబడాలి.

భోజనానికి బెంగ లేదు. జొన్నరొట్టె, ఎణ్ణెగాయి, అంటే వాళ్ల గుత్తొంకాయ, పల్లీల పొడి ఎక్కడైనా దొరుకుతాయి. కలబురగి కందిపప్పుకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. తిరుగు ప్రయాణంలో రెండు కిలోలు కొనుక్కోవచ్చు.

మేం హిందువులం. లోపలికి రానిస్తారా? ఆడవాళ్లు వెళ్లొచ్చా? ఎలా మసలుకోవాలి?
– గృహిణి, మంగళగిరి

వెళ్లొచ్చు, స్త్రీలూ వెళ్లొచ్చు. కోట, మసీదు ఆర్కియలాజికల్ సర్వే సంరక్షణలో ఉన్నాయి. మతం అడిగేవారుండరు. కానీ సంరక్షణలో ఉన్నంత మాత్రాన అది మసీదు కాకుండా పోదు.

గడప దగ్గరే చెప్పులు విడవండి. చెప్పులు పెట్టుకునే గుడ్డ సంచి ఒకటి ఉంచుకోండి. రాతి నేల మీద దుమ్ము, పావురాల రెట్టలు ఉంటాయి కాబట్టి ముదురు రంగు మేజోళ్లు వేసుకుంటే మంచిది. చేతులు, కాళ్లు కప్పే బట్టలు ఆడవాళ్లకైనా మగవాళ్లకైనా ఒకటే నియమం. మగపిల్లలు నిక్కర్లతో రావడాన్ని మనవాళ్లు పట్టించుకోరు, పట్టించుకోవాలి. తల మీద చీర కొంగు గానీ, చున్నీ గానీ వేసుకుంటే గౌరవంగా ఉంటుంది.

ఎవరైనా నమాజు చేస్తుంటే వాళ్ల ముందు నుంచి నడవకండి. వెనక నుంచి చుట్టూ తిరిగి వెళ్లండి. పడమటి గోడలో లోపలికి చెక్కినట్టున్న గూడు మిహ్రాబ్. అందులోకి ఎక్కి నిలబడటం, దానికి వీపు ఆనించి సెల్ఫీ తీసుకోవడం తప్పు. మిహ్రాబ్ పక్కన మెట్ల పీఠం కనిపిస్తే అది మిన్బర్, దాని మీద కూర్చోకూడదు. పిల్లలు గుమ్మటం కింద అరిచి ప్రతిధ్వని వింటామంటారు. ఒక్కసారి నెమ్మదిగా చప్పట్లు కొట్టించి సరిపెట్టండి. కొబ్బరికాయ, కర్పూరం, ప్రసాదం ఏవీ తీసుకెళ్లనక్కర్లేదు.

శుక్రవారం మధ్యాహ్నం 12 నుంచి 2 దాకా ఏ పాత మసీదుకూ చూడటానికి వెళ్లకూడదు. రంజాన్, బక్రీద్ ఉదయాలు కూడా అంతే.

కోట లోపల జనం కాపురాలు కూడా ఉన్నాయి. ఇళ్ల ముందు కూర్చున్న ఆడవాళ్లను, పిల్లలను అడగకుండా ఫొటో తీయకండి.

అదే ఊళ్లో ఖ్వాజా బందే నవాజ్ గేసూదరాజ్ దర్గా ఉంది. ఆయన 1422లో పరమపదించారు. దర్గా మర్యాదలు మసీదు మర్యాదల్లాంటివి కావు. అక్కడ పూల చాదరు, అగరుబత్తి సమర్పించడం ఉంటుంది. సమాధి గదిలోకి స్త్రీలు వెళ్లే విషయంలో దర్గా కట్టుబాటు ప్రకారం నడుచుకోవాలి. అక్కడున్న ఖాదిములు (దర్గా సేవకులు) చెప్పినట్టు చేయండి, వాదించకండి.

ఏ వేళ వెళితే బాగా కనిపిస్తుంది? లోపల చీకటి అని, ఫొటోలు రావని విన్నాను.
– స్టూడియో యజమాని, గవర్నరుపేట, విజయవాడ

ఉదయం 8 నుంచి 10 మధ్య వెళ్లండి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. మేలో అక్కడ ఎండ మన బెజవాడ ఎండకు తీసిపోదు.

ఉదయమే ఎందుకంటే, ఈ మసీదుకు పైనుంచి వెలుగు వచ్చే ముంగిలి లేదు. వెలుగు రావాల్సింది పక్కల నుంచే. తూర్పు, ఉత్తరం, దక్షిణం వైపులు కమానులతో తెరిచి ఉంటాయి. పడమటిది ఖిబ్లా గోడ, అంటే నమాజుకు తిరిగే మక్కా దిక్కు గోడ, అది మూసి ఉంటుంది. కాబట్టి సాయంకాలం సూర్యుడు పడమటికి దిగాక ఆ వెలుగు హాల్లోకి రాదు. నాలుగు దాటితే మధ్య వరుసలు మసకబారతాయి. ఉదయం మాత్రం తూర్పు కమానుల నుంచి ఏటవాలు ఎండ లోపలి వరుసల దాకా వస్తుంది. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు కాబట్టి పదింటికల్లా దక్షిణపు నడవలోనూ ఎండ పడుతుంది.

చూసే క్రమం కూడా చెబుతాం. ముందు లోపలికి వెళ్లకండి. బయట చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, ఉత్తరం వైపు ఎత్తయిన కమానును, మూలల గుమ్మటాలను చూడండి. తర్వాత నడవలోకి వెళ్లి దాని చివర నిలబడి పొడవునా చూడండి. ఇక్కడి కమానులు చాలా వెడల్పు, కానీ వాటి పాదాలు నేలకు దగ్గరలోనే మొదలవుతాయి. ఇంత వెడల్పు కమాను ఇంత కిందినుంచి లేవడం మన కంటికి అలవాటు లేదు, అందుకే ఆ నడవ ఉన్నదానికంటే పొడవుగా అనిపిస్తుంది. ఆ తర్వాతే హాల్లోకి అడుగు పెట్టండి. దిమ్మెల వరుసలకు ఎదురుగా కాకుండా ఐమూలగా నిలబడితే కమానుల మధ్య నుంచి కమానులు కనిపిస్తాయి. ఆఖరున పెద్ద గుమ్మటం కింద నిలబడి పైకి చూడండి. అప్పటిదాకా తలకు దగ్గరగా ఉన్న కప్పు అక్కడ ఒక్కసారిగా పైకి లేస్తుంది. ఆ గుమ్మటం చతురస్రంగా లేపిన గోడల మీద కూర్చుని ఉంటుంది, ఆ గోడల కిటికీల నుంచి మిహ్రాబ్ ముందుకు వెలుగు దిగుతుంది. మిగతా హాలు తక్కువ వెలుగులో ఉండటం వల్లే చూపు అటు పోతుంది. కట్టినవాడి తెలివి ఇక్కడే బాగా కనిపిస్తుందని మా అభిప్రాయం.

ఫొటోల సంగతి. సర్వే కట్టడాల్లో ట్రైపాడ్‌కు, డ్రోన్‌కు ముందస్తు అనుమతి కావాలి, చేతి కెమెరాతో సాధారణంగా ఇబ్బంది ఉండదు. ట్రైపాడ్ బదులు కెమెరాను నేల మీద సంచిపైన పెట్టి రెండు సెకన్ల టైమర్‌తో తీయండి. కమానులు కిందినుంచి మొదలవుతాయి కాబట్టి ఆ కోణం ఇక్కడ బాగా నప్పుతుంది కూడా. ఫోన్‌తో తీసేవాళ్లు వెలుగున్న కమాను మీద నొక్కి ఎక్స్‌పోజర్ కొంచెం తగ్గించాలి. లేకపోతే బయటి వెలుగు తెల్లగా కాలిపోయి కమాను అంచులు మాయమవుతాయి. ఫ్లాష్ వాడితే దగ్గరి దిమ్మె ఒక్కటే పడుతుంది, వెనకంతా నలుపే.

మసీదు తలుపు మూసి ఉంటే వెనక్కి రాకండి. సర్వే కాపలా ఉద్యోగి కోటలోనే ఎక్కడో ఉంటాడు, మర్యాదగా అడగండి. అక్కడ కన్నడం, ఉర్దూ, హిందీ నడుస్తాయి.

అన్ని గుమ్మటాల బరువు ఏ దూలమూ లేకుండా ఎలా నిలబడింది? క్లాసు కోసం స్కెచ్ వేయాలి, ఏం గమనించాలి?
– ఆర్కిటెక్చర్ విద్యార్థిని, విజయవాడ

గుమ్మటం కిందికి బరువు వేయడమే కాదు, పాదాల దగ్గర పక్కకు తోస్తుంది. ఆ తోపును ఆపకపోతే పాదాలు విడిపోయి పగుళ్లిస్తుంది. ఒకే కొలత గుమ్మటాలు పక్కపక్కన ఉంటే ఒకదాని తోపును ఇంకోటి ఎదురుతోపుతో రద్దు చేస్తుంది. మధ్య దిమ్మెలకు దాదాపుగా నిలువు బరువే మిగులుతుంది. సమస్యంతా చివరి వరుసది. దానికి అవతల ఎదురుతోసే గుమ్మటం లేదు. ఇక్కడ ఆ పనికి మూడు వైపులా నడవలున్నాయి. నడవ అంకణాలకు అడ్డంగా పీపా కప్పు (సగం పీపా బోర్లించినట్టుండే కప్పు) వేసి, దాని కింద ఆ వెడల్పాటి కమానులను లావాటి దిమ్మెల మీద నిలబెట్టారు. కమాను పాదం ఎంత కిందికి ఉంటే తోపు అంత కిందే నేలకు దిగుతుంది, గోడను పైన తిరగదోసే ప్రమాదం అంత తగ్గుతుంది. అందుకని ఆ పొట్టి పాదాలు అందానికే కాదు, బలానికి కూడా. నాలుగు మూలలకూ రెండు దిక్కుల తోపు వస్తుంది. అక్కడే బరువైన గుమ్మటాలు ఉండటం గమనించండి. పై బరువు తోపును కిందికి మళ్లిస్తుంది.

స్కెచ్‌లో రెండు రకాల మూలలను వేరు చేసి చూపాలి. చతురస్రం మీద గుండ్రటి గుమ్మటం కూర్చోవాలంటే మూలలు పూడ్చాలి. చిన్న అంకణాల్లో మూల నుంచి పైకి విచ్చుకునే ఏటవాలు ముక్కలున్నాయి, వాటిని పెండెంటివ్‌లు అంటారు. పెద్ద గుమ్మటం కింద మూలకు అడ్డంగా కమాను వేశారు, అది స్క్వించ్. ఇక్కడి స్క్వించ్‌కు మూడు రేకుల ఆకారం ఉంటుంది. ఈ రెండూ కలిపేసి గీస్తే స్కెచ్ పనికిరాదు.

కొలతలకు 5 మీటర్ల టేపు చాలు. మొత్తం హాలు కొలవకండి. ఒక అంకణాన్ని దిమ్మె మధ్య నుంచి దిమ్మె మధ్యకు కొలిచి, వరుసలో ఎన్ని అంకణాలో దానితో గుణించి, నడవల వెడల్పు, గోడల మందం విడిగా కలిపి, 216, 176 అడుగులతో సరిచూసుకోండి. తేడా ఎక్కువగా వస్తే దిమ్మె అంచు నుంచి అంచుకు కొలిచారేమో చూసుకోండి. టేపు గోడకు ఆనించి లాగకండి, సున్నపు పూత రాలుతుంది.

మా వీధిలో తాతలనాటి చిన్న మసీదు ఉంది. అయిదేళ్ల కిందట గుమ్మటానికి సిమెంటు పూత వేయించాం. అప్పటి నుంచి లోపల చెమ్మ పెరిగింది, పెచ్చులు ఊడుతున్నాయి. కలబురగి లాంటి పాత కట్టడాలు ఇన్నేళ్లు ఎలా నిలిచాయి?
– మసీదు కమిటీ సభ్యుడు, పాత గుంటూరు

మీ సమస్యకు కారణం ఆ సిమెంటు పూతే అయ్యుంటుంది. డంగు సున్నంతో కట్టిన ఇటుక, రాయి ఊపిరి పీలుస్తాయి. వానకు కొంత తడి లోపలికి వెళ్లినా ఎండకు బయటికి వచ్చేస్తుంది. దాని మీద సిమెంటు వేస్తే ఎండకు, చలికి రెండూ వేర్వేరుగా సాగి వెంట్రుక పగుళ్లిస్తాయి. ఆ పగుళ్ల నుంచి నీళ్లు దిగుతాయి కానీ తిరిగి పైకి ఆరవు. ఆ తడి లోపలి వైపు దారి వెతుక్కుంటుంది, దాంతోపాటు ఉప్పు వచ్చి పూతను వెనక నుంచి తోసి పెచ్చులుగా రాలుస్తుంది. లోపల పుట్టీ, ప్లాస్టిక్ పెయింటు వేశారంటే ఇంకా వేగంగా రాలుతుంది.

ముందు నీళ్ల దారి చూడండి. గుమ్మటం పాదం చుట్టూ వాలు సరిగా ఉందా, నీళ్లు పోయే గొట్టంలో ఆకులు అడ్డుపడ్డాయా, రావి గానీ మర్రి గానీ మొలకెత్తిందా చూడండి. మొక్కను పట్టి లాగితే వేరు ఇటుకను కూడా పెకలిస్తుంది. కాండం కోసి, వేరును ఎండబెట్టి, తర్వాత పగులును సున్నంతో నింపాలి.

సిమెంటును సుత్తితో బాది ఒక్కసారిగా తీయకండి, కింది సున్నం కూడా లేస్తుంది. ఊడినట్టు డొల్ల చప్పుడు వచ్చేచోట మొదలుపెట్టి చిన్న ఉలితో చేతి వెడల్పు ముక్కలుగా తీయించండి. గట్టిగా అంటుకున్నచోట వదిలేయడమే మంచిది. కొత్త పూతకు బాగా నానిన సున్నం ఒక పాలు, జల్లించిన ఇసుక రెండు నుంచి మూడు పాళ్లు. గుమ్మటం పైకి వేసేదానిలో ఇసుకలో కొంత భాగం బదులు మెత్తటి ఇటుక పొడి కలిపితే నీటికి బాగా నిలుస్తుంది. సున్నం కాల్చి తెచ్చిన రోజే వాడకూడదు. నీళ్లలో నానబెట్టి కనీసం కొన్ని వారాలు ఉంచాలి. సరిగా నానని గుల్ల పూతలో ఉండిపోతే తర్వాత ఉబ్బి పొక్కులు లేస్తాయి. మన ప్రాంతపు పాత మేస్త్రీలు కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు కలిపేవారు. ఆ పద్ధతి తెలిసినవారు దొరికితేనే కలపండి, కొలత తప్పితే బూజు పడుతుంది. ఒక్కో పూత 10 నుంచి 12 మిల్లీమీటర్లు మించకూడదు. కిందిది గట్టిపడ్డాకే రెండోది. కనీసం పది రోజులు తడి గోనెపట్టాలు కప్పి ఉంచాలి. మే ఎండలో వద్దు, వానల్లో వద్దు, దసరా దాటాక మొదలుపెట్టండి.

ఇంకో మాట. మీ మసీదు సంరక్షిత కట్టడం జాబితాలో ఉంటే ఈ పనులేవీ సొంతంగా చేయకూడదు. కేంద్ర సంరక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషిద్ధం, ఆపై ఇంకో 200 మీటర్ల దాకా అనుమతితోనే.

కొండపల్లి కోటకూ ఈ బహమనీలకూ ఏమైనా సంబంధం ఉందా?
– టీచర్, ఇబ్రహీంపట్నం

ఉంది, అదీ విషాదమైనది. 1420లలో బహమనీలు రాజధానిని కలబురగి నుంచి బీదర్‌కు మార్చారు. బీదర్‌లో 1472లో గొప్ప మదర్సా కట్టించిన మంత్రి మహమూద్ గవాన్‌ను, దొంగ ఉత్తరం సాక్ష్యంగా చూపి రాజద్రోహం ఆరోపించి, 1481 ఏప్రిల్‌లో సుల్తాన్ మూడో మహమ్మద్ షా చంపించాడు. అప్పుడు సుల్తాన్ సైన్యం విడిది చేసింది మీ కొండపల్లి దగ్గరే. ఆ తర్వాత బహమనీ రాజ్యం కొద్ది కాలానికే ముక్కలైంది.

పిల్లలను తీసుకెళ్లేట్టయితే బీదర్‌ను కూడా కలుపుకోండి. జహీరాబాద్ దగ్గర నుంచి బీదర్ సుమారు 30 కిలోమీటర్లు. అక్కడ మదర్సా, కోటలోని సోలా ఖంబా మసీదు చూసి, మర్నాడు హుమ్నాబాద్ మీదుగా కలబురగి చేరవచ్చు. బీదర్–కలబురగి రైలు మార్గం కూడా 2017 నుంచి ఉంది. కలబురగి, బీదర్, బీజాపూర్, హైదరాబాద్‌లలోని ఈ దక్కన్ సుల్తానుల కట్టడాలను కలిపి 2014లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేర్చారు.

ఏ తేదీల్లో వెళ్లకూడదు? లాడ్జి దొరుకుతుందా?
– వ్యాపారి, తెనాలి

రెండు సందర్భాలు చూసుకోండి. బందే నవాజ్ ఉర్సు (వర్ధంతి ఉత్సవం) ముస్లిం నెల జిల్‌ఖాద మధ్యలో మూడు రోజులు జరుగుతుంది, అప్పుడు ఊరంతా యాత్రికులే. హోలీ తర్వాత కొద్ది రోజులకు శరణబసవేశ్వర జాతర, రథోత్సవం. జాతర చూడాలనే కోరిక ఉంటే సరే, మసీదు చూడటానికి మాత్రం ఆ వారం వద్దు. గది దొరకదు, దొరికినా ధర ఎక్కువ. జిల్‌ఖాద ప్రతి ఏడూ ఇంగ్లీషు క్యాలెండర్‌లో సుమారు 11 రోజులు ముందే వస్తుంది కాబట్టి పోయినేటి తేదీ చూసి టికెట్ కొనకండి. మిగతా రోజుల్లో స్టేషన్ చుట్టుపక్కలే మామూలు లాడ్జిలు దొరుకుతాయి. ఒరిజినల్ ఆధార్ కార్డు దగ్గర ఉంచుకోండి.